‘ఆ ఏరియాలోనా!’

ఇల్లు దొరికిందని ఫోన్ చేస్తాం. ఎక్కడ అని అడుగుతారు. పేరు చెబుతాం. అవతల కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత, ‘ఆ ఏరియాలోనా!’ అంటారు. అప్పటిదాకా ఆఫీసుకు దగ్గరని, అద్దె తక్కువని సంబరపడ్డ మనిషికి ఆ రాత్రి నుంచి నిద్ర పట్టదు. సామాను ఇంకా ఊళ్ళోనే ఉంటుంది, అడ్వాన్సు మాత్రం చేతులు మారిపోయి ఉంటుంది.

ఈ అధ్యాయం ఆ రాత్రి కోసం, దాని తర్వాతి రెండు మూడు నెలల కోసం. హైదరాబాద్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇచ్ఛాపురం నుంచి నారాయణపేట దాకా ఎక్కడివాళ్ళయినా పెట్టె పట్టుకుని ఎక్కువగా దిగేది ఇక్కడే కదా. బెంగళూరుకో పుణేకో వెళ్ళేవాళ్ళు గల్లీల పేర్లు మార్చుకుని చదువుకోవచ్చు.

ముందు ఆ మాట అన్నవాళ్ళను అంత తేలిగ్గా వదలకండి. మీరు చివరిసారి అక్కడికి ఎప్పుడు వెళ్ళారు, ఏ వేళప్పుడు, ఏం జరిగింది, ఎవరికి జరిగింది అని అడగండి. పది మందిలో ఏడెనిమిది మంది అసలు వెళ్ళి ఉండరు. మిగిలినవాళ్ళలో ఒకరు బస్సులోంచి చూసి ఉంటారు. ఒక్కరు మాత్రం, ‘మా తమ్ముడు అక్కడ రెండేళ్ళున్నాడు, మెట్రో దిగాక రైల్వే గేటు పక్క దారి చీకటి, అక్కడ ఫోన్ లాక్కుపోయారు’ అంటారు. ఆ ఒక్కరి మాట రాసుకోండి. అందులో చోటుంది, వేళ ఉంది, జరిగిన సంగతి ఉంది. మిగతాదంతా ఆ పేరుకు అంటుకున్న మసి.

పాతబస్తీ పేరు చెబితే ఉలిక్కిపడే పెద్దవాళ్ళ మనసులో చాలాసార్లు 1990 డిసెంబరు నాటి అల్లర్లు ఉంటాయి. ఆ కర్ఫ్యూ రోజులు చూసినవాళ్ళ భయాన్ని వెటకారం చెయ్యకూడదు. కానీ మీరు అద్దెకు తీసుకునే గది గురించి అది మీకు ఏమీ చెప్పదు. రంజాన్ నెలలో చార్మినార్ చుట్టూ రాత్రి ఒంటిగంటకు ఆడవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని గాజులు బేరమాడుతుంటారు. అదే వేళకు ఐటీ కారిడార్‌లో అద్దాల మేడల వెనక రోడ్డు మీద మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. మొదటిదాన్ని ప్రమాదమని, రెండోదాన్ని ‘డీసెంట్ ఏరియా’ అని మనకు ఎవరు నేర్పారో ఒకసారి ఆలోచించుకోవాలి.

కృష్ణానగర్‌నే చూడండి. సినిమా కార్మికులు, జూనియర్ ఆర్టిస్టులు, అవకాశాల కోసం వచ్చిన కుర్రాళ్ళు ఇరుకు గదుల్లో ఉండే చోటు. తెల్లారకముందే షూటింగ్ బళ్ళకోసం రోడ్డు మీద జనం పోగవుతారు, ప్యాకప్ అయినవాళ్ళు అర్ధరాత్రి తిరిగొస్తారు. కొత్తగా దిగినవాళ్ళకు ఈ వేళాపాళా లేని రాకపోకలే భయం పుట్టిస్తాయి. నెల తిరిగేసరికి వాళ్ళకు అర్థమయ్యేది వేరు: ఊరెళ్ళొచ్చి తెల్లవారుజామున నాలుగింటికి బస్సు దిగితే వీధిలో టీ మరుగుతూ ఉంటుంది.

పేదరికాన్ని చూసి ప్రమాదమనుకోవడం మనకు మాత్రమే ఉన్న జబ్బు కాదు. షికాగోలో రాబర్ట్ శాంప్సన్, స్టీఫెన్ రాడెన్‌బుష్ అనే సామాజిక శాస్త్రవేత్తలు వీధుల్ని బండిలోంచి వీడియో తీయించి చెత్త, పగిలిన సీసాలు, గోడల మీద రాతలు లెక్కగట్టారు. అక్కడి జనాన్ని మీ పేట ఎంత అస్తవ్యస్తంగా ఉందని అడిగి ఆ జవాబుల్ని ఈ లెక్కలతో పోల్చారు. 2004లో వచ్చిన వాళ్ళ వ్యాసం చెప్పింది ఇది: పేదవాళ్ళు, నల్లవాళ్ళు ఎక్కువగా ఉన్న పేటల్లో, కంటికి కనిపించే చెత్త అంతే ఉన్నా, జనానికి అస్తవ్యస్తం ఎక్కువగా కనిపించింది. అలా చూసినవాళ్ళలో నల్లవాళ్ళూ ఉన్నారు. మన దగ్గర రేకుల ఇల్లు, మసీదు మైకు, గుడిసెల వరస, కల్లు కాంపౌండు చూడగానే మనసు ఇచ్చే తీర్పు కూడా ఇలాంటిదే. ఆ తీర్పు ఎంత గట్టిగా వినిపించినా దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.

అలాగని భయమంతా భ్రమ అని చెప్పే పుస్తకం కాదిది. ‘పాజిటివ్‌గా ఆలోచించు, అంతా మంచే జరుగుతుంది’ అని చీకటి సందులోకి పంపేవాళ్ళంటే నాకు పడదు. భయానికి ఒక పని ఉంది. ఆ పనేదో దానికి అప్పజెప్పాలి.

దేనికి భయపడాలి

కొత్త పేటలో మనం ఊహించుకునే ప్రమాదం ఎప్పుడూ ఒక్కటే: మలుపులో నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి. లెక్కలు వేరే చోటు చూపిస్తాయి. 2022లో ఈ దేశంలో నమోదైన హత్య కేసులు 28 వేల పైచిలుకు. అదే ఏడు రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు లక్షా 68 వేల మంది. హత్యకు గురైనవాళ్ళలోనూ ఎక్కువమంది మగవాళ్ళే. అయినా ఆడపిల్లకు వెయ్యి జాగ్రత్తలు చెప్పే ఇంట్లో మగపిల్లాడికి ‘రాత్రి తాగినవాళ్ళతో వాదన పెట్టుకోకురా’ అని ఒక్క ముక్క కూడా చెప్పరు. ఇక అత్యాచారం కేసుల్లో, జాతీయ నేర గణాంకాల ప్రకారం ఏటా నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. అంటే గల్లీ మలుపు మీద పెట్టిన కన్నులో కొంత, మారుతాళం చేతిలో ఉన్న ఓనరు మీద, ‘ఏం కావాలన్నా నన్నడుగమ్మా’ అంటూ ఇంట్లోకే వచ్చేసే దూరపు చుట్టం మీద కూడా పెట్టాలి.

అందుకే కొత్త ఇంట్లో దిగిన రోజే చెయ్యాల్సిన పని తలుపు తాళం మార్చడం. ఓనరు ఒప్పుకోకపోతే పాతది తీసి ఇచ్చేసి, మీరు వెళ్ళేటప్పుడు మళ్ళీ బిగిస్తానని చెప్పండి. అయినా ఒప్పుకోకపోతే ఆ ఓనరు గురించి మీకు తెలియాల్సింది తెలిసినట్టే. లోపలి గడియ గట్టిదా, బాత్‌రూం కిటికీ వరండాలోకి తెరుచుకుంటుందా, మేడ మీదికి వెళ్ళే తలుపుకు రాత్రిపూట తాళం ఎవరు వేస్తారు, ఇవన్నీ గల్లీ చీకటి కన్నా ముందు చూసుకోవాల్సినవి. ఆధార్ జిరాక్సు అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. దాని మీద అడ్డంగా ‘ఇంటి అద్దె కోసం’ అని రాసి తేదీ వెయ్యండి. బ్రోకర్ల సొరుగుల్లో మూలిగే జిరాక్సులు ఎక్కడ తేలతాయో ఎవరికీ తెలియదు.

కుక్కల సంగతి పుస్తకాల్లో ఎవరూ రాయరు, గల్లీలో మాత్రం రాత్రి పదింటి తర్వాత రాజ్యం వాటిదే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు కుక్కల దాడిలో చనిపోయాడు. చిన్నపిల్లలున్న ఇల్లయితే ఇది దొంగల భయం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించుకోవాలి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో అది దొరుకుతుంది. మీ పేటకు దగ్గర్లో ఇంకెక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని ఉంచుకోండి.

నీళ్ళ గురించి కూడా. 2020 అక్టోబరు వానలకు మునిగిన కాలనీల్లో మేడలున్నాయి, మార్బుల్ గచ్చులున్నాయి. ఇల్లు చూసేటప్పుడు సున్నం వేసిన గోడ మీద మోకాలెత్తున మరక ఉందేమో చూడండి. వానాకాలంలో నాలా ఎక్కడిదాకా పొంగుతుందో ఓనరును కాదు, ఎదురుగా ఉన్న టైలరును అడగండి. నాలాల్లో పడి పిల్లలు చనిపోయిన నగరం ఇది. మూత లేని మ్యాన్‌హోల్ ఉన్న దారిలో రాత్రిపూట ఫోన్ చూసుకుంటూ నడిచే మనిషికి ఏ రౌడీషీటరూ చెయ్యలేని హాని జరగొచ్చు.

అడ్వాన్సు ఇచ్చే ముందు

మనవాళ్ళు ఇల్లు చూడ్డానికి వెళ్ళేది ఆదివారం పదకొండింటికి. ఆ వేళకు ఏ గల్లీ అయినా బుద్ధిమంతురాలే. మీకు నిజంగా కావాల్సింది మీరు పని నుంచి తిరిగొచ్చే వేళ. ఆఫీసు తొమ్మిదింటికి వదిలితే, తొమ్మిదీ నలభైకి మెట్రో స్టేషన్ దిగి ఆ ఇంటిదాకా నడిచి చూడండి. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో స్టేషన్లన్నీ వెలుగుతూనే ఉంటాయి. అసలు సంగతి మెట్లు దిగిన తర్వాత ఇంటి గుమ్మం దాకా ఉన్న ఆ నాలుగైదు వందల గజాల్లో ఉంటుంది. పేట మొత్తానికి మంచి చెడ్డ అని మార్కులు వెయ్యడం కన్నా ఆ నాలుగైదు వందల గజాల్ని గట్టిగా చదవడం మేలు.

ఎలా చదవాలన్నదానికి దారి వేసినవాళ్ళున్నారు. కెనడాలోని టొరంటోలో 1989లో కొందరు మహిళలు కాగితాలు పట్టుకుని, తమకు భయం కలిగించే చోట్లు తామే నడిచి రాసుకోవడం మొదలుపెట్టారు. దాన్నే భద్రతా ఆడిట్ అన్నారు. ఢిల్లీలో జాగోరి అనే మహిళా సంస్థ ఆ పద్ధతి వాడింది. 2013లో వచ్చిన సేఫ్టీపిన్ యాప్ దాన్ని తొమ్మిది ప్రశ్నలకు కుదించింది. వెలుతురు ఎంత, చూపు ఎంతదూరం పోతుంది, కిటికీల్లోంచీ కొట్లలోంచీ మిమ్మల్ని చూడగలిగేవాళ్ళు ఎంతమంది, నడవడానికి దారి ఉందా, బస్సో ఆటోనో దగ్గర్లో ఉందా, కాపలా ఉందా, జనం ఉన్నారా, ఆ జనంలో ఆడవాళ్ళున్నారా, చివరగా, మీకు ఎలా అనిపిస్తోంది? ఈ చివరి ప్రశ్న చివర్లో ఉండటమే ఇందులో నాకు నచ్చిన సంగతి. మనం దాంతోనే మొదలుపెట్టి దాంతోనే ముగిస్తాం.

ఈ తొమ్మిదిలో ఒక్కటే చూసే ఓపిక ఉంటే ఆడవాళ్ళ సంగతి చూడండి. రాత్రి తొమ్మిదికి గుమ్మాల ముందు అరుగుల మీద ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటున్నారా? పిల్లలు ఇంకా సైకిళ్ళు తొక్కుతున్నారా? ఎవరో పెద్దావిడ కూర తరుగుతూ గల్లీ మొత్తం మీద ఓ కన్నేసి ఉందా? గోడలకు పెచ్చులూడినా సరే, ఆ గల్లీలో ఉండొచ్చు. అదే, వీధి దీపాలన్నీ ధగధగలాడుతూ, రెండువైపులా ఎత్తయిన ప్రహరీలు, ఖాళీ ప్లాట్లు, మూసిన షట్టర్లు తప్ప మనిషి అలికిడి లేకపోతే, అద్దె ఎంత తగ్గించినా నేనైతే ఇంకో ఇల్లు వెతుకుతాను. 2019 నవంబరులో రాష్ట్రాన్ని కుదిపేసిన ఆ ఘోరం, ఒక యువ పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య, జరిగింది ఏ పేరుమోసిన బస్తీలోనూ కాదు. శంషాబాద్ దగ్గర, ఔటర్ రింగురోడ్డు పక్కన, ఒక టోల్‌ప్లాజా సమీపంలో.

ఇంకో సారి వైన్స్ మూసే వేళకు వెళ్ళండి. వైన్ షాపు ఉండటం పెద్ద విషయం కాదు. పర్మిట్ రూంలోంచి బయటికొచ్చిన జనం ఎటు వెళ్తారు, మీ దారిలో ఆగుతారా అన్నదే చూడాలి. కాస్త చుట్టు తిరిగి మెయిన్ రోడ్డు మీదుగా వచ్చే దారి ఉంటే దాన్నే మీ దారిగా పెట్టుకోండి. అడ్డదారి మిగిల్చే మూడు నిమిషాలతో మీరు చేసేదేమీ లేదు.

గల్లీకి మీ మొహం తెలియాలి

ఇక ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమనుకునే విషయానికి వస్తున్నాను. తాళాలు, కెమెరాలు, యాప్‌లు అన్నీ పనికొచ్చేవే. కానీ ఒక వీధిలో మనిషిని కాపాడేది ముందుగా ఆ వీధికి ఆ మనిషి తెలిసి ఉండటం. పడిపోతే ‘ఎవరో పడ్డారు’ అనడానికీ ‘మన మూడో ఇంటి అమ్మాయి పడింది’ అనడానికీ మధ్య తేడా పది నిమిషాలు. ఒక్కోసారి ఆ పది నిమిషాలే ప్రాణం.

జేన్ జేకబ్స్ అనే ఆవిడ న్యూయార్క్ గ్రీన్‌విచ్ విలేజ్‌లోని హడ్సన్ స్ట్రీట్‌లో కాపురముంటూ 1961లో అమెరికా నగరాల మీద ఒక పుస్తకం రాసింది. వీధిని శాంతిగా ఉంచేది ముందు పోలీసులు కాదు, తమకు తెలియకుండానే కాపలా కాస్తున్న కొట్లవాళ్ళు, కిటికీల్లోంచి చూసేవాళ్ళు, వచ్చేపోయేవాళ్ళు అని ఆవిడ వాదన. అందులో ఒక చిన్న సంగతి మనకు బాగా పనికొస్తుంది. అక్కడివాళ్ళు తాము ఇంట్లో లేనప్పుడు వచ్చే స్నేహితుల కోసం తాళాలు వీధిలోని దుకాణదారు దగ్గర ఉంచి వెళ్ళేవారట. ఎందుకంటే అతనికి అందరూ తెలుసు, ఎవరి ఇంటి గుట్టూ అతనికి పట్టదు.

మన గల్లీలో ఆ మనిషి కిరాణా కొట్టతను కావచ్చు, ఇస్త్రీ బండి ఆయన కావచ్చు. నా ఓటు ఇస్త్రీ బండికే. పొద్దున్నుంచి చీకటి పడేదాకా వీధికి ఎదురుగా నిలబడే ఉంటాడు. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఊళ్ళో లేరో బట్టల మూటలే అతనికి చెబుతాయి. ఆయన తర్వాత పొద్దున టిఫిన్ బండి, అపార్ట్‌మెంటయితే వాచ్‌మన్ కంటే వాచ్‌మన్ భార్య, చెత్త ఆటో వెంట వచ్చే అక్క. మొదటి నెలలో వీళ్ళలో నలుగురితో రోజుకు రెండు మాటలు కలపండి. సూపర్ మార్కెట్ యాప్‌లో పాల ప్యాకెట్ తెప్పించుకుంటే పది రూపాయలు మిగలొచ్చు, మీరెవరో మాత్రం గల్లీకి తెలియదు.

ఏం మాట్లాడాలో తెలియనివాళ్ళకు నీళ్ళ ప్రస్తావనే దారి.

‘అన్నా, ఆ వెనక సందులో కొత్తగా దిగాం. మంచినీళ్ళు ఎప్పుడు వదుల్తారిక్కడ?’

‘దినం తప్పించి దినం, పొద్దుగాల ఐదింటికి. మోటరు ఏసుకోండ్రి, లేకుంటే పైకి ఎక్కయి. ఏడికెల్లి వచ్చిండ్రు?’

‘టెక్కలి దగ్గరన్నా.’

‘అగో, మా వెనక గల్లీల శ్రీకాకుళమోళ్ళు మస్తుమందున్నరు.’

చూశారా, రెండు నిమిషాల్లో మీకు మోటరు వేసే వేళ తెలిసింది, మీ జిల్లావాళ్ళ జాడ తెలిసింది, అతనికి మీరెవరో తెలిసింది. ‘దిగాను’ అనకుండా ‘దిగాం’ అన్నది కూడా గమనించండి. ఒక్కరే ఉంటున్నా బయట మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ‘మేం’ అనే అనండి. తెలిసి ఉండటం వేరు, అన్నీ చెప్పుకోవడం వేరు. ఏ ఊరు, ఏ ఇల్లు అన్నవి చెప్పొచ్చు. ఒంటరిగా ఉంటున్నారా, జీతం ఏ తారీఖున పడుతుంది, ఈ వారం ఊరెళ్తున్నారా అన్నవి నవ్వుతూ దాటవెయ్యాల్సినవి.

మలుపులో బైకుల మీద కూర్చునే కుర్రాళ్ళ గుంపు అందరినీ భయపెట్టేదే. వాళ్ళను రెండు రోజులు గమనిస్తే తేడా తెలుస్తుంది. ఆ గల్లీలోనే తల్లి, చెల్లి ఉన్న కుర్రాళ్ళకు పేరు పోతుందన్న జంకు ఉంటుంది. పట్టపగలు అందులో ఒకణ్ణి, ‘తమ్ముడూ, గ్యాస్ బండి ఏ రోజొస్తుంది?’ అని అడగండి. గుంపు కాస్తా మనుషులుగా విడిపోతుంది. అలా కాక, మాటలు విసురుతున్నారు, వెంట వస్తున్నారు అనుకోండి, మంచితనం అక్కడితో ఆపెయ్యాలి. తేదీ, వేళ, బండి నంబరు రాసుకుని షీ టీమ్స్‌కు చెప్పండి. 2014 నుంచి నగరంలో వాళ్ళ పని ఇదే. మఫ్టీలో వచ్చి చూస్తారు.

వినాయక చవితికి చందా పుస్తకం పట్టుకుని వస్తారు, బోనాలకు వస్తారు. అడిగినంతా ఇవ్వక్కర్లేదు, ఇవ్వగలిగింది ఇచ్చి రసీదు మీద పేరు ఇంటి నంబరుతో సహా రాయించుకోండి. ఆ రాత్రి మైకులో మీ పేరు తప్పుగా చదువుతారు. ఫరవాలేదు, గల్లీకి వినిపిస్తుంది. పండుగ మీది కాకపోయినా మండపం దగ్గర నిలబడి ఓ ప్లేటు పులిహోర తినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇఫ్తార్‌కు పిలిస్తే కూడా అంతే.

దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది, దాచడం ఎందుకు. కాపాడే కళ్ళే కాపలా కాస్తాయి. ‘మూడో ఇంటి పిల్ల పదకొండింటికొస్తది, ఎవలో దించిపోతడు’ అన్న మాట కూడా అదే అరుగు మీద పుడుతుంది. ఆ మాటకు జవాబు చెప్పాల్సిన పని మీకు లేదు. కానీ గల్లీ ఇచ్చే ఈ కాపుదల అందరికీ ఒకే ధరకు దొరకదు. ‘మీరు ఏమిటోళ్ళు?’ అని అడ్వాన్సు కన్నా ముందు కులం అడిగే ఓనర్లు, పేరు వినగానే ‘ఇల్లు ఇచ్చేశామండీ’ అనే ఓనర్లు ఈ నగరంలో వీధివీధినా ఉన్నారు. దళిత కుటుంబానికో ముస్లిం కుర్రాడికో ‘గల్లీతో కలిసిపో’ అని తేలిగ్గా చెప్పడానికి నాకు నోరు రాదు. పుట్టుక దాచుకుని బతకాల్సిన చోటు భద్రమైన చోటు కాదు. అలాంటి ఇల్లు ఎంత వెలుతురులో ఉన్నా లెక్కలోంచి తీసెయ్యండి. మనవాళ్ళు నలుగురున్న పేటలో కాస్త ఇరుకు గదైనా మేలనిపిస్తే, అది పిరికితనం కాదు.

ఫోన్‌లో ఉండాల్సినవి

ఇది త్వరగా ముగిస్తాను. దేశంలో ఎక్కడున్నా అత్యవసరానికి 112. ఇక్కడ 100 కూడా పనిచేస్తుంది. మహిళలకు 181, అంబులెన్సుకు 108, డబ్బు ఆన్‌లైన్‌లో పోతే 1930. తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో తెచ్చిన టీ-సేఫ్ అనే సేవలో మీరు ఆటోలోనో క్యాబ్‌లోనో వెళ్తున్న దారిని గమ్యం చేరేదాకా వాళ్ళు గమనిస్తూ ఉంటారు. నంబర్లు ఎక్కించుకోవడంతో సరిపోదు, ఒక పగటిపూట మీ పోలీస్ స్టేషన్ ఎక్కడుందో నడిచి చూసి రండి.

ఫిర్యాదు విషయంలో ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోవాలి. ‘ఇది మా పరిధి కాదు, ఆ స్టేషన్‌కు వెళ్ళండి’ అంటే మీరు కదలక్కర్లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇది స్పష్టంగా చెబుతోంది. ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. శంషాబాద్ ఘటనలో కేసు నమోదుకు జరిగిన ఆలస్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆ పరిధి పేచీలో పోయిన వేళ ఎలాంటిదో అందరం చూశాం.

భయమే నిజమైతే

రెండు నెలలైంది. కిరాణా అన్న తెలుసు, దారి తెలుసు, దీపాలు తెలుసు. అయినా కొన్ని ఇళ్ళు ఉండదగ్గవి కావు. ఓనరు మీరు లేనప్పుడు గదిలోకి వచ్చిన ఆనవాళ్ళు కనిపిస్తే, ఒకే మనిషి వేరువేరు చోట్ల వెనక వస్తుంటే, ఫిర్యాదు చేశాక బెదిరింపు పెరిగితే, పక్క ఇంటివాళ్ళే ‘మీరు వెళ్ళిపోండమ్మా’ అని మెల్లగా చెబితే, ఇక ధైర్యం పరీక్షించుకునే పని పెట్టుకోవద్దు. ఖాళీ చెయ్యండి.

చాలామందిని ఆపేది అడ్వాన్సు. హైదరాబాద్‌లో సాధారణంగా అది రెండు మూడు నెలల అద్దె. పోతే పెద్ద మొత్తమే, కాదనను. అందుకే పదకొండు నెలల అగ్రిమెంటు రాసేటప్పుడే ‘ఒక నెల ముందు చెప్పి ఎప్పుడైనా ఖాళీ చెయ్యొచ్చు’ అన్న వాక్యం రాయించండి. ‘ఆరు నెలలు కదలకూడదు’ అన్నది ఉంటే కొట్టేయించండి. అడ్వాన్సు నగదుగా కాక బ్యాంకు ద్వారా పంపండి. చేరిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్‌బోర్డులు ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పెట్టండి. పెయింటింగ్ ఖర్చని ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. మిగతాదైనా చేతికొస్తుంది. ఒకవేళ రాకపోతే, పోనివ్వండి. పోయిన డబ్బును తిరిగి రాబట్టుకోవాలని ఆ గదిలోనే ఇంకో నెల పడుకోవడం బేరం కాదు.

ఇదంతా ఇంట్లోవాళ్ళకు ఎలా చెప్పాలన్నది మిగిలింది. ‘ఏం కాదులే అమ్మా’ అన్న మాటతో ఊళ్ళో ఎవరి భయమూ తగ్గదు. రాత్రి నడిచే దారిని వీడియో కాల్‌లో చూపించండి. కొట్లు, దీపాలు, అరుగుల మీది మనుషులు వాళ్ళకూ కనిపించాలి. వీలైతే మొదటి నెలలోనే అమ్మను ఒక వారం తెచ్చి ఉంచుకోండి. మీకు రెండు నెలల్లో తెలియనివి ఆమెకు రెండు మధ్యాహ్నాల్లో తెలుస్తాయి: ఏ ఇంట్లో తాగుబోతు ఉన్నాడు, ఎవరి కొడుకు పోలీసు, ఎవరి దగ్గర మారుతాళం పెట్టొచ్చు. వెళ్ళేటప్పుడు ఎదురింటావిడ నంబరు తీసుకుని వెళ్తుంది, మీ గురించి వారానికోసారి వాకబు చేస్తుంది. కోపం వస్తుంది కానీ, అడ్డు చెప్పకండి.